లైటు వెలగ్గానే పార్టు మార్చకండి

మీటర్ల మధ్య పసుపు రంగులో వెలిగే ఇంజిన్ బొమ్మ గురించి వచ్చిన ఉత్తరాలన్నీ ఇన్నాళ్లూ ఒక కట్ట కట్టి పక్కన పెడుతూ వచ్చాను. కట్ట లావైపోయింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే. నేను బళ్ల కింద పడుకుని పనిచేయడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది. అందులో పద్దెనిమిదేళ్లుగా స్కానర్, అంటే బండి కంప్యూటర్ రాసుకున్న లోపాలు చదివే పరికరం, నా చేతి పక్కనే ఉంటోంది. ఉత్తరాలు రాసినవాళ్లలో చాలామంది అప్పటికే ఒకటో రెండో పార్టులు మార్పించి, అయినా లైటు ఆరక విసిగిపోయినవాళ్లు. చదువుతుంటే నాకు నిజంగా బాధేసింది. వాటిలో చాలా బళ్లకి ఎవరైనా ఒక అరగంట ఓపిగ్గా చూసి ఉంటే సరిపోయేది.

ప్రశ్న: మా కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. బండి మామూలుగానే నడుస్తోంది. వర్క్‌షాపులో స్కానర్ పెట్టి ఆర్పేశారు. నాలుగు రోజులకి మళ్లీ వచ్చింది. మళ్లీ ఆర్పేశారు. ఇలా మూడుసార్లయింది. "సెన్సర్ల గోల, పట్టించుకోవద్దు" అంటున్నారు. నిజమేనా అండీ?

జవాబు: పట్టించుకోవాలండీ. ఇంజిన్ కంప్యూటర్ చాలా లోపాలకి మొదటిసారే లైటు వేయదు. మొదట చూసినప్పుడు 'పెండింగ్' అని లోపల రాసుకుని ఊరుకుంటుంది. తర్వాతి ప్రయాణంలో కూడా అదే కనిపిస్తేనే లైటు వేస్తుంది. ఆ తర్వాత వరసగా మూడు ప్రయాణాల్లో లోపం కనబడకపోతే లైటు దానంతట అదే ఆరిపోతుంది. కోడ్, అంటే ఆ లోపానికి కంప్యూటర్ వేసిన నంబరు, మాత్రం ఇంజిన్ 40 సార్లు చల్లారి వేడెక్కేదాకా మెమరీలో ఉంటుంది. అంటే లోపం నిజంగా పోయి ఉంటే ఎవరూ ఆర్పక్కర్లేదు. మీ బండిలో నాలుగు రోజులకోసారి తిరిగొస్తోందంటే లోపం కదలకుండా అక్కడే కూర్చుని ఉంది.

చెరపడం వల్ల వచ్చే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. లోపం పట్టుబడిన క్షణంలో బండి ఏ స్థితిలో ఉందో కంప్యూటర్ ఒక ఫొటో తీసినట్టు దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటాం. ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎంత స్పీడులో ఉంది, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత లోడు మీద ఉంది, అన్నీ అందులో ఉంటాయి. కోడ్ చెరిపితే ఆ ఫొటో కూడా పోతుంది. మీ బండి ఫొటోలు ఇప్పటికి మూడుసార్లు చించి పారేసినట్టయింది.

దాని విలువ ఏమిటో ఒక బండి చెప్పి చూపిస్తాను. ఎప్పుడు తెచ్చినా ఏ తప్పూ దొరికేది కాదు. ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచి చూస్తే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి 24 డిగ్రీలు, స్పీడు సున్నా, చుట్లు 1,150. అంటే పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో తప్ప ఆ లోపం కనబడదు. బండి నా దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ వేడెక్కి ఉండేది! ఓనరుకి నచ్చజెప్పి రాత్రి నా దగ్గరే వదిలేయమన్నాను. తెల్లవారి స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, గాలి లోపలికి వెళ్లే రబ్బరు గొట్టం మీద చెయ్యి వేశాను. కింది మడతలో గోరు పట్టేంత పగులు. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు బిగుసుకుని ఆ పగులు నోరు తెరిచేది. వేడెక్కాక మెత్తబడి మూసుకుపోయేది. గొట్టం మార్చాం, ఇక రాలేదు.

కాబట్టి మీరు చేయవలసింది ఒకటే. ఈసారి లైటు వస్తే ఎవరినీ చెరపనివ్వకండి. కోడ్ నంబరూ ఫ్రీజ్ ఫ్రేమూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆ తర్వాతే మిగతా పని.

ప్రశ్న: ఆ కోడ్‌లో అక్షరాలకీ అంకెలకీ అర్థం ఏమైనా ఉందా, లేక కంపెనీవాళ్లు ఎలా పడితే అలా పెట్టారా?

జవాబు: ఉంది. మొదటి అక్షరం పి అయితే ఇంజిన్, గేరుబాక్సు వైపు. బి అయితే బాడీ, సి అయితే బ్రేకులు, స్టీరింగ్ లాంటివి. యు అయితే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైను. రెండోది సున్నా అయితే అన్ని కంపెనీలకీ ఒకటే అర్థం. 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్, దానికి ఆ కంపెనీ పుస్తకమే చూడాలి. మూడో స్థానంలో ఉన్న అంకె ఏ విభాగమో చెబుతుంది. 1, 2 అయితే గాలీ ఇంధనమూ, 3 అయితే మిస్సింగ్ (సిలిండర్‌లో ఇంధనం మండకపోవడం), 4 అయితే పొగ శుద్ధి చేసే భాగాలు, 7 అయితే గేరుబాక్సు. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకి 2001 నుంచి ఈ పద్ధతి తప్పనిసరి చేశారు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్ దాని కోసమే.

ప్రశ్న: ఘాట్ ఎక్కుతుంటే బండి కుదుపులిచ్చింది. ఇంజిన్ లైటు ఆగి ఆగి వెలిగింది. పైకి చేరాక స్థిరంగా వెలుగుతూ ఉండిపోయింది. స్కాన్ చేస్తే పి0303 వచ్చింది. ప్లగ్గులు, కాయిళ్లు, ఇంజెక్టర్లు మొత్తం సెట్టు మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చేయమంటారా?

జవాబు: ముందు ఆ ఆగి ఆగి వెలగడం గురించి. స్థిరంగా వెలిగే లైటు "తీరిక చూసుకుని చూపించు" అంటుంది. టపటపా కొట్టుకునే లైటు "ఇప్పుడే యాక్సిలరేటర్ వదులు" అంటుంది. ఆ సమయంలో సిలిండర్‌లో మండని పెట్రోలు నేరుగా సైలెన్సర్ దారిలోకి పోతోందన్నమాట. అక్కడ పొగ శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల తేనెపట్టులా సన్నసన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మ ఉంటుంది. పచ్చి పెట్రోలు దాని మీద పడి అక్కడ మండితే వేడికి ఆ దిమ్మ కరిగి ముద్దయిపోతుంది. ప్లగ్గుకి కరెంటు పంపే ఒక్క కాయిల్‌తో పోయే లోపం కాస్తా బండిలోకెల్లా ఖరీదైన పార్టుల్లో ఒకదాన్ని తినేస్తుంది. అందుకే లైటు కొట్టుకుంటుంటే లోడు తగ్గించి, మెల్లగా పక్కకి తీసి ఆపండి.

ఇక పి0303. పి0301 నుంచి మొదలుపెట్టి చివరి అంకె సిలిండర్ నంబరు. మీది మూడో సిలిండర్ మిస్సింగ్. ఇది కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుందంటే, క్రాంక్ షాఫ్టు మీద పళ్ల చక్రం ఒకటి, దాని పక్కన ఒక సెన్సర్ ఉంటాయి. ప్రతి సిలిండర్ మండినప్పుడు ఆ చక్రానికి ఒక తోపు వస్తుంది. మూడోదాని వంతు వచ్చినప్పుడు తోపు రాక, చక్రం రవ్వంత మందగిస్తే "మూడు మండలేదు" అని రాసుకుంటుంది. అంతవరకే దానికి తెలుసు. ఎందుకు మండలేదో దానికి తెలియదు. నిప్పురవ్వ రాలేదా, పెట్రోలు రాలేదా, లోపల గాలిని నొక్కే ఒత్తిడి, అంటే కంప్రెషన్, లేదా? ఈ మూడింటిలో ఏదో తేల్చడం మనిషి పని. మీ మెకానిక్ తేల్చకుండా అన్నీ మార్చేద్దామంటున్నాడు.

ఒక్కో సిలిండర్‌కి ఒక్కో కాయిల్ ఉన్న బండైతే తేల్చడం తేలిక. ఇంజిన్ ఆపి, చల్లారాక, మూడో సిలిండర్ కాయిల్ తీసి రెండోదాని మీద, రెండోది తెచ్చి మూడోదాని మీద పెట్టండి. కోడ్ చెరిపి అదే ఘాట్ లాంటి ఎత్తు మీద నడపండి. ఈసారి పి0302 వస్తే దొంగ కాయిలే. అది ఎక్కడికి వెళితే కోడ్ దాని వెనకే వెళ్లింది కదా! కోడ్ మూడు దగ్గరే ఉండిపోతే కాయిల్ మంచిదే. అప్పుడు అలాగే ప్లగ్గు మార్చి చూడాలి. అదీ కాకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్. నేను ఈ వరస ఎప్పుడూ తప్పను. తేలిగ్గా ఊడేదాన్నుంచి కష్టంగా ఊడేదాని వైపు వెళ్తాను.

కాయిల్ బయటికి తీసినప్పుడు తొందరపడి పక్కన పెట్టేయకండి. కింద ప్లగ్గుకి తొడిగే నల్ల రబ్బరు తొడుగుని వెలుతురులో నెమ్మదిగా తిప్పి చూడండి. నిలువునా జుట్టంత సన్నటి బూడిదరంగు గీత కనిపిస్తే, కరెంటు ప్లగ్గు కొనకి వెళ్లకుండా ఆ దారిన పక్కకి దూకుతోందని అర్థం. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద కూడా సరిగ్గా దానికి ఎదురుగా పెన్సిల్‌తో గీసినట్టు ఒక గీత ఉంటుంది. సాఫీ రోడ్డు మీద ఇది బయటపడదు. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అప్పుడే కరెంటు తేలికైన అడ్డదారి వెతుక్కుంటుంది. మీ బండి ఘాట్‌లోనే కుదుపులిచ్చిందని రాశారు కాబట్టి నా అనుమానం మొదట ఇటే పోతోంది. ప్లగ్గు కూర్చునే గుంతలో ఆయిల్ నిలిచి ఉందేమో కూడా చూడండి. ఉంటే పైన రాకర్ కవర్ ప్యాకింగ్ లీకవుతోంది. అది బాగుచేయకుండా కొత్త కాయిల్ వేస్తే దాని రబ్బరు కూడా నాని పాడైపోతుంది.

ప్లగ్గులు మార్చే కిలోమీటర్లు ఎలాగూ దాటేసి ఉంటే నాలుగూ మార్పించండి, అందులో తప్పులేదు. ఇంజెక్టర్ల జోలికి మాత్రం కారణం తేలేదాకా వెళ్లొద్దు.

ప్రశ్న: పి0171 వచ్చింది. "మిశ్రమం పలచన" అని ఇంటర్నెట్‌లో చదివి ఆక్సిజన్ సెన్సర్ మార్చాను. వారానికి మళ్లీ అదే కోడ్. సెన్సర్ డూప్లికేటేమోనని ఇంకొకటి వేశాను. మళ్లీ అదే. ఇప్పుడేం చేయను?

జవాబు: మీరు చేసిన తప్పు సరిగ్గా నేనూ చేశాను. స్కానర్ కొన్న మొదటి ఏడాది, ఇదే కోడ్‌కి ఒక బండికి రెండు సెన్సర్లు వేశాను. మూడోసారి బండి తిరిగొచ్చినప్పుడు, ఆ కుటుంబం ఎంత ఇబ్బంది పడి ఆ డబ్బు సర్దిందో తెలిసి సిగ్గుతో తలెత్తలేకపోయాను. రెండు సెన్సర్ల మజూరీ వెనక్కిచ్చేశాను. అప్పటినుంచీ ఈ కోడ్ వస్తే మిగతావాటికన్నా ఎక్కువ సమయం తీసుకుంటాను.

పి0171 అంటే పెట్రోలుతో పోలిస్తే గాలి ఎక్కువైందని. పెట్రోలు సరిగ్గా మండాలంటే ఒక వంతుకి 14.7 వంతుల గాలి కావాలి, బరువు లెక్కన. పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి సెన్సర్ ఆ సంగతి చెబుతుంది. కంప్యూటర్ దాన్ని విని పెట్రోలు పెంచుతుంది. పెంచి పెంచి ఇక పెంచలేని హద్దుకి వచ్చాక లైటు వేస్తుంది. మీ సెన్సర్ నిజమే చెప్పింది. నిజం చెప్పిన సాక్షిని రెండుసార్లు మార్చారు, నేరం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఇంజిన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో 'ఫ్యుయల్ ట్రిమ్' అనే అంకెలు తెరవండి. కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో అవి చెబుతాయి. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండుంటాయి. రెండూ కలిపి 10 శాతం లోపల అటూ ఇటూ ఊగుతుంటే మామూలే. మీ బండిలో ప్లస్ 20 పైన ఉంటుందనుకుంటున్నాను. ముందు ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతుండగా, ఆ అంకె రాసుకోండి. తర్వాత యాక్సిలరేటర్ తొక్కి 2,500 చుట్ల దగ్గర అరనిమిషం పట్టి ఉంచి మళ్లీ రాసుకోండి.

ఐడ్లింగ్‌లో 22 ఉన్నది 2,500 దగ్గర 4కి దిగిపోతే, ఎక్కడో దొంగగాలి లోపలికి పోతోంది. ఇంజిన్ మెల్లగా తిరుగుతూ కొద్దిగా గాలి పీల్చేటప్పుడు ఆ దొంగగాలి వాటా ఎక్కువ. ఎక్కువ గాలి పీల్చేటప్పుడు అది సముద్రంలో చెంబు నీళ్లు. ఇన్‌టేక్ ప్యాకింగ్, బ్రేకు బూస్టర్‌కి వెళ్లే గొట్టం, చిన్న వ్యాక్యూమ్ గొట్టాల చివర్లు, ఆయిల్ ఆవిరి వెనక్కి పంపే పీసీవీ గొట్టం, ఇవి చూడండి. పొగ వదిలి చూసే యంత్రం ఉన్న చోట పది నిమిషాల పని. లీకున్న చోట పొగ తీగలా లేస్తుంది. వేడి ఇంజిన్ మీద స్ప్రేలు కొట్టి వెతికే పద్ధతి కొందరు చెబుతారు. మంటలంటుకునే ప్రమాదం ఉంది, ఇంట్లో ఆ పని చేయొద్దు.

అదే అంకె ఐడ్లింగ్‌లో బాగుండి, లోడు పెరిగేకొద్దీ ఎక్కుతుంటే కథ వేరు. పెట్రోలు పంపు నీరసపడింది, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా గాలి కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ తీగ మీద దుమ్ము పట్టి గాలిని తక్కువగా చూపిస్తోంది. ఆ తీగని దాని కోసమే అమ్మే క్లీనర్‌తో కడగాలి. బ్రష్షూ గుడ్డా తగిలించొద్దు. తీగ వెంట్రుకంత, తెగిపోతుంది.

ఒక మాట: ఎయిర్‌ఫ్లో సెన్సర్ లేకుండా, ఇన్‌టేక్‌లో ఒత్తిడి కొలిచి గాలి లెక్కగట్టే బళ్లు కూడా ఉన్నాయి. వాటిలో దొంగగాలి వస్తే ట్రిమ్ అంతగా పెరగకపోవచ్చు, ఐడ్లింగ్ స్పీడే పెరుగుతుంది. మీది ఏ రకమో ముందు తెలుసుకోండి.

ప్రశ్న: పి0420 వచ్చింది. క్యాటలిటిక్ కన్వర్టర్ పోయింది, కొత్తది వేయాలి అంటున్నారు. ధర విని టెన్షన్ పట్టుకుంది. వేరే దారి లేదా అన్నయ్యా?

జవాబు: ఉండే అవకాశం ఉందమ్మా, కంగారు పడకు. కన్వర్టర్‌కి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. కన్వర్టర్ బాగా పనిచేస్తుంటే వెనకది దాదాపు కదలకుండా 0.6, 0.7 వోల్టుల దగ్గర నిలబడుతుంది. ముందుది పాతరకమైతే 0.1 నుంచి 0.9 దాకా ఊగుతూ ఉంటుంది. వెనకది కూడా ముందుదానిలాగే ఊగడం మొదలుపెడితే కంప్యూటర్ ఈ కోడ్ వేస్తుంది.

కాబట్టి బండి బాగా వేడెక్కాక, 2,500 చుట్ల మీద రెండు మూడు నిమిషాలు ఉంచి, వెనక సెన్సర్ గీత చూపించమని అడుగు. గీత నిలకడగా ఉంటే కన్వర్టర్ మార్చడానికి ఒప్పుకోకు. ఊగుతుంటే కూడా ముందు సైలెన్సర్ జాయింట్లలో లీకుందేమో చూడాలి. బయటి గాలి లోపలికి దూరి సెన్సర్‌ని తప్పుదారి పట్టిస్తుంది. జాయింటు చుట్టూ మసి చారలు కనిపిస్తాయి. ఇవన్నీ అయ్యాక కన్వర్టరే పోయిందని తేలితే, అది ఎందుకు పోయిందో కూడా తేలాలి. ఇంజిన్ మిస్సింగో, ఆయిల్ తాగడమో సరిచేయకుండా కొత్తది బిగిస్తే ఆ కొత్తదీ పోతుంది.

ప్రశ్న: బండి రెండు వారాలు కదపలేదు. స్టార్ట్ చేస్తే ఒకేసారి తొమ్మిది కోడ్లు. సెన్సర్లవి నాలుగు, యు0100, పి0562, ఇంకా ఏవేవో. ఎలకలేమైనా కొరికాయా? కంప్యూటరే పోయిందంటున్నారు.

జవాబు: ఒకేసారి తొమ్మిది పార్టులు పోవు. ఇది గట్టిగా పట్టుకోండి. తొమ్మిది కోడ్లు ఒక్కసారే వచ్చాయంటే ఆ తొమ్మిదింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏదో ఒకటి పోయింది. బ్యాటరీ, ఎర్తు (బ్యాటరీ మైనస్‌ని ఇంజిన్‌కీ బాడీకీ కలిపే దారి), లేదా సెన్సర్లన్నిటికీ కంప్యూటర్ పంపే 5 వోల్టుల లైను.

పి0562 అంటే వోల్టేజీ తక్కువైందని. అక్కడే మొదలుపెట్టండి. బ్యాటరీ నిండా ఉంటే, బండి కొన్ని గంటలు ఆగాక 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తుంటే చాలా బళ్లలో 13.8కీ 14.5కీ మధ్య ఉంటుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే చార్జి పెట్టి, కోడ్లన్నీ రాసుకుని, చెరిపి మళ్లీ చూడండి. చాలాసార్లు తొమ్మిదిలో ఒక్కటీ తిరిగి రాదు.

బ్యాటరీ బాగుంటే ఎర్తు చూడాలి. ఇది చాలామంది వదిలేస్తారు కాబట్టి వివరంగా చెబుతాను. మల్టీమీటర్ డీసీ వోల్టుల మీద పెట్టండి. నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ పోల్ మీద, క్లాంపు మీద కాకుండా సీసం పోల్ మీదే, గుచ్చి పట్టండి. ఎర్ర పిన్ను ఇంజిన్ ఇనుము మీద, రంగు లేని చోట. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. మీటర్ 0.2 వోల్టుల లోపల చూపిస్తే ఎర్తు బాగున్నట్టు. నా దగ్గరికి వచ్చిన ఒక బండిలో 1.8 చూపించింది. ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే అల్లిన రాగి పట్టీ చూడటానికి బాగానే ఉంది. బోల్టు విప్పి తీస్తే పట్టీ కన్నుకీ బాడీకీ మధ్య ఆకుపచ్చ పొడి. రాగి తుప్పు అది. ఎమెరీ కాగితంతో రెండు వైపులా మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కొంచెం గ్రీజు పూశాను. పదకొండు కోడ్లు పోయాయి, ఒక్క పార్టూ కొనలేదు. అంతకుముందు ఆ బండికి కంప్యూటర్ మార్చాలని ఎవరో చెప్పి పంపారు.

ఎర్తు కూడా బాగుంటే 5 వోల్టుల లైను. ఈ లైనుని రెండు మూడు సెన్సర్లు పంచుకుంటాయి. ఒక్కటి లోపల షార్టయితే మిగతావన్నీ పడిపోతాయి. ఏదైనా ఒక సెన్సర్ కప్లర్ దగ్గర మీటర్ పెట్టి, ఆ లైను మీది సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ రండి. ఏది తీయగానే మీటర్ మీద 5 వోల్టులు తిరిగొస్తే అదే దొంగ.

యు0100 అంటే ఇంజిన్ కంప్యూటర్ మాటలు మిగతావాటికి వినబడటం లేదని. ఎక్కువ బళ్లలో బ్యాటరీ ఊడదీసి ఆ 16 పిన్నుల సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్‌ల దగ్గర రావాలి. 120 వస్తే ఎక్కడో లైను తెగింది. ఇక్కడ ఎలక మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇంజిన్ పైన మూతల కింద, వైర్ల కట్ట మలుపుల్లో చూడండి. రెట్టలూ కొరికిన ప్లాస్టిక్ పొడీ ఉంటే తెలిసిపోతుంది. ఇంత చూశాకే కంప్యూటర్ మాట ఎత్తాలి.

ప్రశ్న: డీజిల్ కారు. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపి రావడానికే, మూడు కిలోమీటర్లు. పి2463 వచ్చింది.

జవాబు: డీపీఎఫ్‌లో, అంటే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి నిండిందండీ. ఆ మసిని కాల్చుకోవాలంటే పొగ 600 డిగ్రీల దగ్గరికి వేడెక్కాలి. మూడు కిలోమీటర్లలో ఇంజినే సరిగ్గా వేడెక్కదు. మసి కాల్చడం మొదలయ్యేలోపు మీరు ఇంజిన్ ఆపేస్తున్నారు. వారానికోసారి పెద్ద రోడ్డు మీద ఇరవై నిమిషాలు ఆగకుండా నడపండి. ఇప్పుడు లైటు వచ్చేసింది కాబట్టి స్కానర్‌తో బలవంతంగా కాల్పించాల్సి రావచ్చు. అంతకుముందు ఆయిల్ డిప్‌స్టిక్ చూడండి. మధ్యలో ఆగిపోయిన ప్రయత్నాల వల్ల చాలా బళ్లలో డీజిల్ ఆయిల్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది. పైగీత దాటి ఉంటే ఆయిల్ మార్చాకే మిగతాది. రోజూ ఇంతే దూరమైతే మీకు డీజిల్ బండి సరిపడదని నా అభిప్రాయం.

ప్రశ్న: పి0128 వచ్చింది. ఇంజిన్ వేడెక్కడం లేదట. వేడెక్కకపోతే మంచిదే కదా?

జవాబు: కాదండీ. చల్లగా ఉన్నంతసేపూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. ముందు ఇంజిన్ చల్లారాక కూలెంట్ మట్టం చూడండి. సరిగ్గా ఉంటే, వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచీ మూసే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది, మార్చండి. దాన్ని తీసేసి ఖాళీగా బిగిస్తానంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: ఫోన్‌కి కనెక్టయ్యే చిన్న బ్లూటూత్ స్కానర్ కొనుక్కుంటే సరిపోతుందా? ఎప్పుడూ పెట్టే ఉంచొచ్చా?

జవాబు: ఇంజిన్ కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్, ట్రిమ్ అంకెలు చూడటానికి సరిపోతుంది. ఎయిర్‌బ్యాగు, బ్రేకుల కోడ్లు చాలా చవకరకాల్లో రావు. పెట్టి వదిలేయకండి. బండి ఆపినా 16వ పిన్నులో కరెంటు ఉంటుంది, కదపకుండా ఉంచిన బండిలో బ్యాటరీ మెల్లగా తాగేస్తుంది. చూసుకున్నాక ఊడదీసి గ్లవ్ బాక్సులో పడేయండి.

ప్రశ్న: గురువుగారూ, ఐటీఐ చదివి ఒక షెడ్డులో చేరి ఎనిమిది నెలలైంది. స్కానర్ ముట్టుకోనిస్తున్నారు గానీ తెరమీద అంకెలు చూస్తే ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియడం లేదు. ఎలా నేర్చుకోవాలి?

జవాబు: నీ ఉత్తరం చూసి చాలా సంతోషమేసింది నాన్నా. అందరూ జబ్బు బళ్ల మీద నేర్చుకుంటారు. నువ్వు ఏ లోపమూ లేని బళ్ల మీద మొదలుపెట్టు. మామూలు సర్వీసుకి వచ్చిన ప్రతి బండికీ, మీ ఓనరు అనుమతితో, ఐదు నిమిషాలు స్కానర్ పెట్టు. ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉన్నప్పుడు కూలెంట్ వేడీ, లోపలికి వచ్చే గాలి వేడీ దాదాపు ఒకటే చూపించాలి. రెంటికీ పది డిగ్రీల తేడా ఉంటే ఒక సెన్సర్ అబద్ధం చెబుతోంది. ఇది నేర్చుకోవడానికి పైసా ఖర్చులేదు. తర్వాత వేడెక్కాక ఐడ్లింగ్‌లో చుట్లు, గాలి గ్రాముల్లో, రెండు ట్రిమ్ములు, ఆక్సిజన్ సెన్సర్ల వోల్టులు రాసుకో. మళ్లీ 2,500 దగ్గర అవే రాసుకో. బండి మోడలూ ఇంజిన్ సైజూ పైన వెయ్యి.

అలా వంద బళ్లు రాశాక, జబ్బు బండి ముందుకొచ్చినప్పుడు తెరమీద తప్పుడు అంకె దానంతట అదే కంటికి తగులుతుంది. నాకు అలాంటి నోటు పుస్తకాలు ఏడు ఉన్నాయి. మొదటిదాని అట్టంతా గ్రీజు, లోపలి అంకెలు మాత్రం ఇప్పటికీ తీసి చూసుకుంటాను. రేపు షెడ్డుకి కొంచెం ముందుగా వెళ్లు. రాత్రంతా ఆగి ఉన్న బండి ఏదైనా ఉంటే, సెల్ఫ్ కొట్టకముందే కీ ఆన్ చేసి ఆ రెండు వేడులూ చూడు. మొదటి పేజీ దాంతో మొదలుపెట్టు.